కోపం బొంత

ఇంకా ముప్పై కూడా నిండని మనిషి జ్ఞాపకాలు రాయడమేమిటని మా అమ్మకు నవ్వు. "ముందు కొన్నాళ్లు బతుకుమే, రాసేది తరవాత రాద్దువు" అంటుంది. అమ్మ మాట కాదనలేను గానీ, పోయిన నెల దుబాయ్ పక్కన అజ్మాన్‌లో మా పాత ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు వంటింటి పైగూట్లోంచి ఒక మూట జారి నా కాళ్ల దగ్గర పడింది. పాత దుప్పట్లో చుట్టి, చీర అంచుతో కట్టిన మూట. విప్పకముందే అదేమిటో తెలిసింది. నాఫ్తలీన్ వాసన కింద ఇంకో వాసన ఉంది, పాత పత్తిది, ఎండలో ఆరేసిన గుడ్డది. అమ్మ పెట్టె సర్దుతూ తలెత్తి చూసి, మళ్లీ తలదించుకుంది. నేను ఆ మూట తీసుకుపోయి తలుపు దగ్గర గోడకు ఆనించాను. ఆ రోజంతా పని చేస్తూనే ఉన్నా, మనసు మాత్రం ఊర్లన్నీ తలుపులు మూసుకున్న ఆ ఏడాదికి పోయి అక్కడే కూర్చుంది.

మేం దూదేకులవాళ్లం. ప్రొద్దుటూరు మాది. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, నమాజు అరబ్బీలో చదువుతాం, దుబాయ్ వచ్చాక ఉర్దూ నేర్చుకుని తప్పులతో మాట్లాడతాం. మా జేజి పీరమ్మ, అంటే మా నాయన తల్లి, ఊర్లో పత్తి ఏకి పరుపులు, బొంతలు కుట్టేది. మా నాయన దస్తగిరి కోపం పెళ్లికి ముందే మా వీధిలో పేరు మోసిందట. "మావాని కోపం దూదికంటుకున్న నిప్పు. నీళ్లు తెచ్చేలోపల అంతా అయిపోయింటాది" అనేది జేజి. ఒకసారి అన్నదమ్ములిద్దరూ దేనికో మాటామాటా అనుకున్నారు. నాయన చేతిలో ఉన్న కొయ్య, దూదేకే వింటి తీగను కొట్టే కొయ్య, విసిరేశాడు. చిన్నాయన కనుబొమ చిట్లింది. ఏకిన తెల్ల దూది మీద రక్తం పడింది. జేజి కొట్టలేదు, తిట్టలేదు. తన పాత చీరలు రెండు, ఒకటి నీలం, ఒకటి ముదురాకుపచ్చ, తీసి వాటి మధ్య మంచి పత్తి పరిచి ఒక బొంత కుట్టి నాయన చేతిలో పెట్టింది.

"నిలబడుంటే కూచ్చోరా. కూచ్చున్యా తగ్గకుంటే దీనిమింద పండుకో. పండుకున్నోడు చెయ్యెత్తలేడు, కాలెత్తలేడు. నోరు మూసుకో. అప్పిటికీ తగ్గలేదా, లేసి వజూ చేసుకో, నమాజుకు ముందర కడుక్కున్నట్టు మొగమూ కాళ్లూ చేతులూ కడుక్కో. కోపం సైతాన్ పని, సైతాన్ పుట్టింది నిప్పులోంచి, నిప్పుకు నీళ్లే మందు. ఇది నా మాట కాదు, మన ప్రవక్త మాట." జేజికి చదువు లేదు. మసీదులో బయాన్, అంటే ధర్మోపదేశం, చెబుతుంటే ఆడవాళ్ల వైపు కూర్చుని విన్నదే ఆమె చదువు. ఎదుటివాణ్ణి పడగొట్టినవాడు పహిల్వాన్ కాదు, కోపంలో తనను తాను పట్టుకున్నవాడే పహిల్వాన్ అన్న మాట కూడా అక్కడ విన్నదే. దాన్ని ఆమె కొడుక్కి పెళ్లిలో, పండగలో, ఫోన్‌లో, ఎప్పుడు వీలైతే అప్పుడు వడ్డించేది. ఇంట్లో మిగిలినవాళ్లకు కూడా ఒక కట్టుబాటు పెట్టింది. "వాడు బొంత మింద ఉన్నంతసేపు ఎవురూ పలకరించగూడదు. పలకరిస్తే నిప్పును ఊదినట్టే."

ఆ బొంత నాయనతో పాటు విమానమెక్కి అజ్మాన్ వచ్చింది. నాయన హోటళ్లకు దుప్పట్లు ఉతికే లాండ్రీలో వ్యాన్ డ్రైవరు. ఉదయం చీకటితో పోయి, దుబాయ్‌లో దేరా, నైఫ్ సందులన్నీ తిరిగి, సాయంత్రం గంజి వాసన, ఇస్త్రీ ఆవిరి వాసన మోసుకుని వచ్చేవాడు. మా ఇల్లు ఒక గది, ఒక హాలు, తొమ్మిదో అంతస్తులో చాప పరిచేంత బాల్కనీ. అమ్మ సాయంత్రం నీళ్లు చిలకరించి బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసేది. బొరుగులు అయిపోతే కుబ్బూస్ రొట్టెను చింపి అదే పోపులో వేసేది. దాన్ని అరబ్బీ ఉగ్గాని అని మా చెల్లెలు షమీనా పేరు పెట్టింది. పొద్దు గూకాక చేసే మగ్రిబ్ నమాజు తరవాత అమ్మ ఊదు పొగ వేస్తే, ఆ పొగ, తిరగమోత, గంజి కలిసి ఒక వాసనయ్యేది. ఆ వాసన నాకు మళ్లీ ఇంకెక్కడా తగల్లేదు.

ఆ వాసనలోకి కోపం కూడా వచ్చేది. దారిలో ఎవడో కారు అడ్డం పెట్టాడని, ముదీర్, అంటే లాండ్రీ మేనేజరు, అందరి ముందు కేకలేశాడని, అన్నంలో రాయి వచ్చిందని. నాయన గొంతు లేచేది, మెడ నరం లేచేది. అప్పుడు ఆయనే ఉలిక్కిపడినట్టు ఆగి, ఉన్నచోటనే కుర్చీలో కూలబడేవాడు. కొంచెంసేపు మోకాళ్లు ఊగేవి. తగ్గకపోతే గోడవారన చుట్టిపెట్టిన బొంత పరుచుకుని, గోడవైపు తిరిగి పడుకునేవాడు. అప్పుడు మేం ముగ్గురం పిల్లులమయ్యేవాళ్లం. షమీనా టీవీ గొంతు నొక్కేసేది, అమ్మ గిన్నెలు చప్పుడు కాకుండా దించేది. కాసేపటికి నాయన లేచి బాత్రూములోకి పోయేవాడు. నమాజు వేళ కాని వేళలో కొళాయి చప్పుడు వినపడిందంటే మాకు పండగే. వజూ చేసుకుని, గడ్డం నుంచి నీళ్లు కారుతుండగా బయటికి వచ్చి, "ఏమ్మే, అన్నం పెట్టరా ఈ ఇంట్లో?" అనేవాడు. అంతటితో ఖలాస్. మేం దాన్ని కోపం బొంత అనేవాళ్లం. బాగా అల్లరి చేసిన రోజు షమీనా, "నాయనా, బొంత తెమ్మంటావా?" అని పరిగెత్తేది. ఆయనకు నవ్వొచ్చి సగం కోపం అక్కడే పోయేది. నాకు ఊహ తెలిశాక ఆయన మా మీద చెయ్యెత్తింది లేదు. ఆ గొప్ప ఆయనదీ కాదు, అమ్మదీ కాదు, ప్రొద్దుటూరులో కూర్చున్న జేజిది.

జేజి ప్రతి శుక్రవారం జుమా తరవాత ఫోన్ చేసేది. ఆమె మొదటి మాట ఎప్పుడూ ఒకటే. "బొంత పరుస్తాండావా, మడిచినావా?" అంటే ఈ వారం కోపమొచ్చిందా లేదా అని. నాయన చిన్నపిల్లోడిలాగా, "మడిచే ఉందిమ్మా" అనేవాడు. వెనకనుంచి అమ్మ, "అబద్దాలు సెప్తాండాడత్తా, నిన్ననే పరిచినాడు" అని అరిచేది. ఇటు, అటు నవ్వులు. నాయన ఆ రోజంతా మెత్తగా ఉండేవాడు.

ఆ తరవాత కరోనా వచ్చింది. హోటళ్లు మూతపడ్డాయి, దుప్పట్లు నలగలేదు, వ్యాను కదల్లేదు. విమానాలు ఆగిపోయాయి. మసీదు మైకులోంచి నమాజుకు పిలిచే బాంగు చివర్లో మీ ఇళ్లలోనే నమాజు చేసుకోండి అన్న మాట కలిసింది. అది మొదటిసారి విన్నప్పుడు నాయన బాల్కనీలో నిలబడి ఏడ్చాడు. మేం నలుగురం ఆ హాల్లో ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతూ ఉండేవాళ్లం. నేను, షమీనా చెరో మూల చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని పాఠాలు వినేవాళ్లం. అలాంటి ఒక ఉదయం చిన్నాయన ఫోన్ చేశాడు. జేజి తెల్లారి నమాజుకు లేవలేదని చెప్పాడు.

చావు కబురు వినగానే మాలో ఎవరైనా మొదట అనే మాట ఒకటుంది. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. మనం అల్లాహ్‌కు చెందినవాళ్లం, ఆయన దగ్గరికే తిరిగిపోతాం. అమ్మ అంది, నేనూ షమీనా అన్నాం. నాయన అనలేదు. "నేనొస్తాండా, నేనొచ్చేదాకా ఎత్తొద్దండి" అన్నాడు. "ఎట్లొస్తావు న్నా, విమానాలు యాడుండాయి?" అన్నాడు చిన్నాయన ఏడుస్తూ. నలుగురు మనుషులు మూతులకు గుడ్డలు కట్టుకుని జేజి జనాజాను భుజాల మీద మోసుకుపోవడం మేం ఫోన్‌లో చూశాం. పెద్ద కొడుకు వేయాల్సిన మట్టి ఎవరో వేశారు. బొమ్మ మధ్యలో ఆగిపోయింది. నాయన ఫోన్‌ను గోడకేసి కొట్టాడు. చెప్పుల అరను తన్నాడు. బాల్కనీ తలుపు అద్దం మీద పిడికిలితో గుద్దాడు, అద్దం పగల్లేదు గానీ చెయ్యి వాచింది. అమ్మ మమ్మల్ని గదిలోకి లాగి తలుపు వేసింది. తలుపు వెనకనుంచి విన్నాం. కుర్చీ చప్పుడైంది. తరవాత బొంత విదిల్చి పరిచిన చప్పుడు. "హమ్మయ్య, పండుకున్యాడు" అంది అమ్మ.

పడుకున్నవాడు లేవలేదు. లేవలేదంటే అసలు లేవలేదని కాదు. బాంగు వినపడితే లేచేవాడు, నమాజు చేసేవాడు, మళ్లీ వచ్చి గోడవైపు తిరిగేవాడు. అమ్మ పళ్లెం తెచ్చి బొంత పక్కన పెట్టి మాట్లాడకుండా పోయేది. కాసేపయ్యాక అలాగే తీసేది. మేం గుసగుసలు కూడా మానేసి సైగలు చేసుకునేవాళ్లం. జేజి పోయింది కాబట్టి జేజి పెట్టిన కట్టుబాటు మాకు ఇంకా గట్టిదైంది. ఊరినుంచి ఫోన్లు వచ్చేవి. "మావాడు ఎట్లుండాడు?" అని అడిగితే, "బొంత మీద పండుకున్యాడు, ఒక్క మాట అనలేదు" అని అమ్మ చెప్పేది. అవతల అందరిదీ ఒకటే మాట. "ఎంత సబర్ చేసినాడు చూడు! అంత కోపిష్టి మనిషి!" ఓర్చుకున్నవాళ్లతో అల్లాహ్ ఉంటాడని చెప్పి పెట్టేసేవాళ్లు. అమ్మకు ఆ మాట వింటే గర్వంగా ఉండేది, నాకూ ఉండేది. బయట రోడ్డు మీద పోలీసు బండి తప్ప ఏమీ తిరగని ఆ రోజుల్లో, మా ఇంట్లో ఒక మనిషి ఓర్పు నేర్చుకుంటున్నాడని మేం అనుకున్నాం.

ఒకరోజు పొద్దు వాలాక అసర్ వేళ బాంగు అయింది, నాయన లేవలేదు. మగ్రిబ్‌కూ లేవలేదు. జ్వరంలో కూడా నమాజు వదలని మనిషి. అమ్మ ముఖం పాలిపోయింది. గదిలోకి వచ్చి, మా బిల్డింగు వెనక మసీదు ఇమాం గారికి ఫోన్ చేసింది. నెల్లూరు మనిషి ఆయన, అందరూ హజ్రత్ అంటారు. మసీదుకు తాళం పడ్డాక ఆయన కూడా ఒక గదిలో ఒంటరిగా ఉన్నాడు. అమ్మ అంతా చెప్పింది, బొంత సంగతి, జేజి పెట్టిన కట్టుబాటు, ఓర్పు. స్పీకరులో ఉంది కాబట్టి నేనూ విన్నాను.

"బేటీ, నోరు మూసుకోమని ప్రవక్త చెప్పింది కోపమొచ్చినోడికి. చుట్టూ ఉండేవోళ్లకు కాదు" అన్నాడాయన. "ఆ కట్టుబాటు మీ అత్తది. కోపానికి మంచిదే, నేను కాదన్లా. కానీ ఆయనకు వచ్చింది కోపమని మీకెవరు చెప్పారు? అమ్మ పోయిన ఇంటికి వంట చేసి పంపమన్నారు, పోయి పక్కన కూర్చోమన్నారు. సొంత కొడుకు పోతే ప్రవక్తే ఏడ్చారు. మీరేమో ఆ మనిషిని ఇన్ని దినాలు ఒంటరిగా పండబెట్టి సబర్ అని పేరు పెడితిరే! ఫోను పెట్టేసి పోయి కూర్చో, పో!"

అమ్మ ఫోన్ పెట్టేసి హాల్లోకి పోయింది. నేను తలుపు దగ్గర ఉన్నాను. అమ్మ బొంత అంచు మీద కూర్చుంది. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చేయని పని అది. నాయన భుజం మీద చెయ్యి వేసి, "ఏమయ్యా" అంది. ఆయన కదల్లేదు. "ఏమయ్యా, కోపం తగ్గలేదా?"

గోడవైపునుంచే మాట వచ్చింది. అది మా నాయన గొంతులాగా లేదు. "నాకు కోపం లేదు మాబూ. ఎప్పుడో పోయింది. ఎవురన్నా పిలిస్తే లేద్దామని ఉండా." అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన మళ్లీ అన్నాడు, "ఆ బాల్కనీ తలుపుకు తాళమెయ్యి. తాళంచెవి నాకు కనపడనీయొద్దు."

అమ్మ పరిగెత్తలేదు, అరవలేదు. లేచి తాళం వేసింది, తాళంచెవి తన జాకెట్లో దోపుకుంది, తిరిగి వచ్చి ఆయన వీపుకు ఆనుకుని పడుకుంది. మమ్మల్నీ రమ్మని చెయ్యి ఊపింది. జేజి చీరలమీద నలుగురం పడుకున్నాం, మెదిలితే ఎవరో ఒకరు గచ్చు మీదికి జారిపోయేంత ఇరుకుగా. షమీనా జేజి గురించి మాట్లాడటం మొదలుపెట్టింది, జేజి పొడుం డబ్బా గురించి, మాకు జడలు లాగి బిగించి అల్లడం గురించి. నాయన విన్నాడు. ఏడవలేదు.

డాక్టరు దగ్గరికి పోదామంటే, "నాకేమన్నా పిచ్చా?" అన్నాడు. ఆ పని కూడా హజ్రతే చేశాడు. రోజూ అసర్ తరవాత ఫోన్ చేసేవాడు. "దస్తగిరీ, ముందు ఒంటెను కట్టెయ్యి, ఆ తరవాత అల్లాహ్ మీద భారం వెయ్యమన్నారు. నువ్వు ఒంటెను విడిచిపెట్టి దువా చేస్తాండావు. మందు లేని రోగం ఆయన దింపలేదు. షుగరుకు మాత్ర మింగుతావే, దీనికేం నామోషీ?" చివరికి ఒక క్లినిక్‌లో హిందీ మాట్లాడే డాక్టరమ్మ ఆయనతో చాలాసేపు కూర్చుంది. మాత్రలిచ్చింది, మళ్లీ మళ్లీ రమ్మంది. మాత్రలు పడ్డాక నిద్ర వచ్చింది, తిండి వచ్చింది. మసీదులు తెరిచాక, మనిషికీ మనిషికీ మధ్య ఎడం పెట్టి నిలబడే ఆ వరసల్లో ఆయన కూడా నిలబడ్డాడు. వ్యాను మళ్లీ కదిలింది. మా నాయన బతికాడు. అమ్మ బొంతను మూటగట్టి పైగూట్లో తోసింది.

కానీ ఆ రోజునుంచి ఆయనకు కోపం రాలేదు. కారు అడ్డం పెట్టినవాణ్ణి చూసి ఊరుకునేవాడు. అన్నంలో రాయి వస్తే తీసి పక్కన పెట్టేవాడు. షమీనా పరీక్ష తప్పితే, "పోనీలే" అన్నాడు. జేజి పేరు ఆయన నోట రాలేదు. కబురు విన్ననాడు అనని మాట ఆ తరవాత కూడా అనలేదు. ఊరికి పోదామంటే, జేజి సమాధికి మట్టి ఇచ్చి వద్దామంటే, "చూద్దాంలే" అనేవాడు. చుట్టాలు మాత్రం మెచ్చుకున్నారు, ఎంత మెత్తబడ్డాడో అని. చల్లారిన పొయ్యిని చూసి ఇల్లు చల్లగా ఉందని సంతోషపడినట్టు ఉండేది నాకు.

ఇప్పుడు నేను కరామాలో ఒక ఆఫీసులో పని చేస్తున్నాను. మా ఆఫీసులో మనసు గురించి బాగానే మాట్లాడతారు. ఊపిరి ఎలా తీయాలో, కోపం వస్తే అంకెలు ఎలా లెక్కపెట్టాలో వారం వారం మెయిల్ వస్తుంది. చదివినప్పుడల్లా, మా జేజి ఇవన్నీ పాత చీరల మధ్య పెట్టి కుట్టేసింది కదా అనుకుంటాను. ఆ కాలం మంచిదని అనను. ఆ కాలంలో మాకు కోపమొక్కదానికే పేరు తెలుసు, దానికొక్కదానికే పరుపు కుట్టుకున్నాం. దుఃఖం వచ్చి అదే పరుపు మీద పడుకుంటే గుర్తుపట్టలేకపోయాం. ఇప్పుడు పేర్లు చాలా తెలుసు. ఆ పేర్లన్నీ తెలిసినవాళ్లు కూడా మధ్యాహ్నం ఎవరి డబ్బా వాళ్లు తెరుచుకుని, ఎవరి ఫోన్ వాళ్లు చూసుకుంటూ తింటారు. కోపం నాకూ ఆయనదే వచ్చింది. లిఫ్టులో, బస్సులో, మీటింగుల్లో మెడ నరం లేస్తుంది. కూర్చుంటాను. వజూ చేసుకుంటాను. పడుకోవడానికి మాత్రం ఆఫీసులో చోటు లేదు.

ఇల్లు ఖాళీ చేస్తున్న ఆ రోజు సామాన్లు మోసేవాళ్లు ఇద్దరొచ్చారు. యల్లా యల్లా అని ఒకర్నొకరు తొందరపెట్టుకుంటూ ఒక్కటొక్కటే దించారు. పారేయాల్సినవి అమ్మ తలుపుకు ఒక పక్క పెట్టింది, తీసుకుపోవాల్సినవి ఇంకోపక్క. నేను గోడకు ఆనించిన మూట ఏ పక్కకు ఒరిగిందో ఎవరూ చూడలేదు. మేం ఆఖరి సంచులతో కిందికి వచ్చేసరికి చెత్త లారీ వచ్చి, పెద్ద తొట్టిని ఎత్తి వంచుకుని, మలుపు తిరుగుతోంది. నాయన వ్యాను దగ్గర నిలబడి సామాన్లు చూసుకుంటున్నాడు.

"ఇంకోటి ఉండాలే. పైగూట్లో మూట" అన్నాడు. ఇన్నేళ్లు అది అక్కడుందని ఆయనకు తెలుసని మాకు తెలియదు.

మోసేవాళ్లలో ఒకతను, పాతది కదా, లారీ తీసుకుపోయిందంటూ తొట్టి వైపు చూపించాడు. "పురానా థా, బాబా. గాడీ లే గయా. ఖలాస్."

నాయన ఖాళీ తొట్టి దగ్గరికి పోయి లోపలికి తొంగిచూశాడు. తిరిగాడు. మెడ నరం లేచింది. "ఎవుర్నడిగి పారేసినారు రా? కిస్కో పూఛా? మాయమ్మ కుట్టింది రా అది! మాయమ్మ చేత్తో కుట్టింది!" ఆ కేకకు పక్క బిల్డింగు బాల్కనీల్లోకి మనుషులు వచ్చారు. మోసేవాళ్లు వెనక్కి జరిగారు. తొట్టిని తన్నాడు, లారీ పోయిన మలుపు దాకా పరిగెత్తాడు, వగరుస్తూ వచ్చాడు, మళ్లీ అరిచాడు. అమ్మ మెట్ల మీద సంచి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "మీ నాయనకు కోపమొచ్చిందే" అంది నాతో. ఆమె ఏడుస్తోంది.

అప్పుడు నాయన ఉలిక్కిపడినట్టు ఆగాడు. నిలబడినవాడు ఫుట్‌పాత్ అంచు మీద కూర్చున్నాడు. మోకాళ్లు ఊగుతున్నాయి. ఎండకు కాలిన రాయి అది. ఎడంపక్క చూశాడు, కుడిపక్క చూశాడు, పడుకోవడానికి దేనికోసమో వెతికినట్టు. నేను పోయి ఆయన పక్కన కూర్చున్నాను.

"చెప్పు నాయనా" అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. కళ్ల నిండా నీళ్లు. అప్పుడే ఊరినుంచి ఫోన్ వచ్చినట్టు, నాకింకా తెలియనట్టు చెప్పాడు. "మాయమ్మ పోయింది పాపా."

తరవాత పెదవులు కదిపి, మెల్లగా, తడబడుతూ ఆ మాట అన్నాడు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. కబురు విన్నవాళ్లు అనాల్సిన మాట కాబట్టి, ఆయనతో పాటు నేనూ అన్నాను.